ఖాళీ బండి కొలత

మొన్న జగిత్యాలలో ఒక బండ్ల షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతుండగా, గుడ్డపేలికతో చేతులు తుడుచుకుంటూ వచ్చిన మేస్త్రి అడిగిన ఒక్క మాటకు నా చేతిలో కప్పు తొణికి, సగం టీ చొక్కా మీద పడింది. పెద్ద మాటేమీ కాదు. మా బావమరిది, అంటే మా ఇంటామె తమ్ముడు, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఒక పాత పికప్ బండి కొన్నాడు. ముందు షాకబ్జర్లు పోయి గుంత వచ్చిన ప్రతిచోటా ఎగిరెగిరి పడుతోందని, ముక్కు కూడా కిందికి దిగిందని, మార్పించుకొద్దాం రమ్మంటే కోరుట్ల నుంచి తోడుగా వెళ్ళాను. ఆ మేస్త్రి బండి చుట్టూ నిదానంగా తిరిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని లేచి, మా ఇద్దరి వైపూ చూశాడు.

"ముంగట లేపి సమానం జేస్త గని, ఖాళీ బండికి సమానం జెయ్యాల్నా, లోడు బండికి జెయ్యాల్నా?"

బావమరిది జవాబు చెప్పాడు. ఏమన్నాడో ఇప్పుడే చెబితే మీకేమీ అర్థం కాదు, కాబట్టి ఆఖర్న చెబుతాను. నా మాట తీరే అంత, దారిలో నాలుగు చోట్ల ఆగి ఆగి నడుస్తుంది. నా ఈడువాళ్ళు ఎలాగూ మోకాళ్ళ నొప్పులతో మెల్లగానే నడుస్తారు కనుక నాతో కలిసి రాగలరనుకుంటాను.

మా వైపు మనిషి ఏ ఎడారి దేశం పోయినా దుబాయి పోయాడనే అంటారు. నేనూ అలాగే దుబాయి పోయాను, నిజానికి నేను దుబాయిని చూసింది విమానం మారేటప్పుడు అద్దాల్లోంచి మాత్రమే. నేను పని చేసిన ఊరు ఇసుక అంచున ఉండేది. అక్కడొక పెద్ద గ్యారేజీ, అందులో ఒక్కొక్కరికి ఒక్కో పని. ఒకడు ఇంజను విప్పితే ఇంకొకడు రంగు వేస్తాడు, ఒకడు సీట్లు కుడితే ఇంకొకడు అద్దాలు బిగిస్తాడు. నా వంతుకు షాకబ్జర్లు వచ్చాయి. పికప్ బండ్లు వరుసగా వచ్చి నిలబడేవి, నేను వాటి కింద వెల్లకిలా దూరి పాతవి విప్పి కొత్తవి బిగించి, ఇసుక దిబ్బల్లో ముక్కు గుచ్చుకోకుండా ముందు భాగాన్ని లేపి వెనకతో సమానం చేసి, ఇటు నుంచి బయటికి జారి అటు పక్క బండి కిందికి దూరేవాణ్ణి. మొదటి విడత తొమ్మిదేళ్ళు అదే పని. ముఖానికి జానెడు ఎత్తులో ఇనుము, వీపు కింద వేడెక్కిన సిమెంటు, కళ్ళల్లో రాలే ఇసుక. నేను ఆకాశం చూసిన గంటల కంటే బండ్ల అడుగుభాగాలు చూసిన గంటలే ఎక్కువ.

పాస్‌పోర్టు అర్బాబు దగ్గర, అంటే మా యజమాని దగ్గర, ఇనుప బీరువాలో ఉండేది. ఆయన చెడ్డవాడు కాదు, పండగకు అందరికీ కొత్త బట్టలిచ్చేవాడు, జ్వరమొస్తే పలకరించేవాడు. చెడ్డవాడైతే ఒకనాడు కాకపోతే ఒకనాడు తిరగబడి నా కాగితాలు నాకివ్వమని అడిగేవాణ్ణేమో; మంచివాడు కావడం వల్ల అదీ లేకపోయింది. ఎనిమిది మంచాల గది, కిటికీకి అడ్డంగా ఏసీ పెట్టె. రోజూ పని అయ్యాక ఆ గదిలోకి వచ్చి పడుకుంటే, పైమంచం పలకను చూసినప్పుడు కూడా నేనింకా బండి కిందే ఉన్నాననిపించేది.

రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు. మీలో ఆ దేశాలు పోయివచ్చిన వాళ్ళుంటే తెలుస్తుంది, ఊళ్ళో దిగగానే ఎదురైన ప్రతి మనిషీ ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు అడుగుతాడు. "ఎప్పుడచ్చినవ్? మల్ల ఎప్పుడు పోతవ్?" ఇంకా పెట్టె కూడా దించలేదు, అప్పుడే పంపించేస్తారు. ప్రేమగానే అడుగుతారు, కానీ ఆ రెండో ప్రశ్న వినబడిన క్షణం నుంచీ నా సెలవు కరగడం మొదలయ్యేది. మా బిడ్డకైతే, అంటే మా అమ్మాయికి, నేను చాలాకాలం "దుబాయి బాపు"నే, ఇంట్లో ఇంకో బాపు ఎవరో ఉన్నట్టు. మొదటి వారం తలుపు చాటున, రెండో వారం గడప మీద, ఏడో వారానికి నా ఒళ్ళో. అప్పటికి సామాన్లు సర్దుకునే వేళ అయ్యేది.

అలాంటి రోజుల్లో మా బావమరిది సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి కొన్నాడు. సిరిసిల్ల సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన గుడ్డ బేళ్ళను కోరుట్లకూ జగిత్యాలకూ చేరవేయడం, తిరుగు ప్రయాణంలో దొరికిన లోడు వేసుకోవడం అతని ఆలోచన. శుక్రవారం నాకు సెలవని తెలుసు గనుక ఆ రోజు ఎస్టీడీ బూత్ నుంచి చేసేవాడు. ఒక శుక్రవారం అన్నాడు: "బావా, ఇద్దరం కలిసి నడుపుకుందాం. నువ్వు ఒక దినం, నేనొక దినం. బండి మంచిగ నడిస్తె నువ్వు మల్ల పోవుడెందుకు?" ఆ ఫోను పెట్టేశాక నేను గదికి పోలేదు, ఎండలో గోడ పక్కన అలాగే నిలబడిపోయాను. తొమ్మిదేళ్ళలో నన్ను పోవద్దన్న మొదటి మాట అది. ఆ బండి నడిస్తే నేను ఇంట్లో ఉంటాను, నడవకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తాను. నా బతుకు అంత సూటిగా తేలిపోయింది.

అయితే బండికి ముందు షాకబ్జర్లు కారిపోయాయట, ముక్కు నేలకు చూస్తోందట. అందులో నన్ను మించినవాడెవడు? కొలతలు పంపమన్నాను. ఫోనులో టేపు కొలత చెబితే ఒకరు అంగుళాల్లో చెబుతారు, ఒకరు సెంటీమీటర్లలో వింటారు, వద్దు, దారంతో కొలిచి ముడి వేసి పంపమన్నాను. సెలవు ముగించుకుని తిరిగొస్తున్న మా వాడకట్టు మనిషి చేతికి మా ఇంటామె ఇచ్చిన సకినాల డబ్బాలో ఆ దారం వచ్చింది, నువ్వుల వాసనతో, నూనె అంటుకుని. షాకబ్జర్ పొడుగు కాగితం మీద రాసి ఉంది. దారానికి మాత్రం రెండు ముళ్ళు. ఒకటి ముందు చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా, రెండోది వెనక చక్రానికి అదే కొలత. రెండు ముళ్ళ మధ్య రెండున్నర వేళ్ళ తేడా.

ఆ దారాన్ని మంచం పక్కన మేకుకు వేలాడదీశాను. సెలవు దొరికేదాకా, మూడు నాలుగు నెలలపాటు, రోజూ లేవగానే దాన్నే చూసేవాణ్ణి. ఇంటికీ నాకూ మధ్య సముద్రాలు లేవు, ఎడారులు లేవు, ఉన్నది ఆ రెండున్నర వేళ్ళే అనిపించేది. ఈ రెండు ముళ్ళనూ ఒక్క ఎత్తుకు తెచ్చేస్తే చాలు, నేను బయటపడ్డట్టే.

ఆ సెలవుకు నేను దుప్పట్లు తేలేదు, అత్తర్లు తేలేదు. నా పడక దుప్పటిలో చుట్టి రెండు షాకబ్జర్లు తెచ్చాను. పెట్టె తెరిచేసరికి చుట్టూ చేరిన చుట్టపక్కాల ముఖాలు చూడాలి, మా పెద్దమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "గిదేందిరా, రోకలి తెచ్చినవా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఇంటామె మాత్రం నవ్వలేదు. ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని ఆకు చుడుతూ ఆ ఇనుప గొట్టాల వంకే చూసింది, ఎందుకంటే అవి దేనికోసం వచ్చాయో ఆ ఇంట్లో నాకూ ఆమెకూ మాత్రమే పూర్తిగా తెలుసు.

కోరుట్లలో బావమరిదికి తెలిసిన ఒక పెద్దవయసు మేస్త్రి తన షెడ్డు పక్క జాగా, జాకీ, దిమ్మెలు ఇచ్చాడు. పాత నట్లు తుప్పు పట్టి కదలలేదు. ఎడారిలో ఇనుము తుప్పు పట్టదు, నాకు ఆ అలవాటు లేదు. డీజిలు పోసి, సుత్తితో తట్టి, ఆఖరికి హాక్సా బ్లేడుతో కోసి తీసేసరికి వేళ్ళ కణుపుల తోలు లేచింది. అయినా ఆ రోజు బండి కింద నాకు ఊపిరాడింది. తొమ్మిదేళ్ళలో అలాంటిది అదొక్క రోజే. చక్రం పక్క నుంచి ఒక చిన్న ముఖం తలకిందులుగా వంగి చూసి, "బాపూ, దుబాయిల గూడ గిట్లనే పండుకుంటవా?" అని అడిగింది. అవునన్నాను. "రోజూనా?" అంది. రోజూ అన్నాను. మా బిడ్డ తన చున్నీ మడిచి నా తల కిందికి తోసింది.

ఆ బండికి ముందు చక్రాల బరువు మోసేవి పొడుగాటి ఇనుప కడ్డీలు రెండు. ఒక్కోదాని చివర ఒక్కో బోల్టు. బోల్టు బిగిస్తే ముక్కు లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. కొత్త షాకబ్జర్లు ఎక్కించాక జేబులోంచి దారం తీశాను. ఒక చుట్టు బిగించడం, దారం పట్టి చూడడం, మళ్ళీ ఒక చుట్టు. బోల్టు ఇక తిరగననేదాకా తిప్పితే గాని ఆ రెండున్నర వేళ్ళూ అందలేదు. అందాయి. వెనక ముడిని ముందు చక్రానికి పట్టినా, వెనక చక్రానికి పట్టినా ఒకటే ఎత్తు. బయటికి వచ్చి పది అడుగుల దూరంలో నిలబడి చూస్తే, బండి ఛాతీ విరుచుకుని నిలబడ్డ మనిషిలా ఉంది. పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆ పెద్ద మేస్త్రి కూడా వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి ఒకసారి కిందికి నొక్కి, చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి, "దుబాయి మేస్త్రివి, నీకు మేం జెప్పేదేమున్నది" అని వెళ్ళిపోయాడు. దాన్ని పొగడ్త అనుకున్నాను, అంత తెలివి నాది.

మర్నాడు ఖాళీ బండిలో మా ఇంటామెనూ బిడ్డనూ కూర్చోబెట్టుకుని జగిత్యాల మీదుగా గొల్లపల్లి దాకా పోయివచ్చాం. గుంతలు తెలియలేదు. ముందు పలక మీద పెట్టిన టీ గ్లాసు తొణకలేదని మా బిడ్డ చప్పట్లు కొట్టింది. మా ఇంటామె కిటికీలోంచి పొలాలు చూస్తూ, దారి పొడుగునా నా చొక్కా అంచు పట్టుకునే కూర్చుంది. నా జీవితంలో ఇంకే రోజైనా మళ్ళీ రమ్మంటే వస్తుందంటే, ఆ రోజును అడుగుతాను.

మొదటి లోడు సిరిసిల్లలో. మీరు విన్నారో లేదో, సాంచాల వాడలో మాట వినపడదు, మనుషులు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. బేళ్ళు ఎత్తారు, ఇంకా ఎత్తారు, వెనక తలుపు దించి గొలుసులు కట్టి దాని మీద కూడా పేర్చారు. మా వైపు బండికి లోడు వేయడమంటే బండి పట్టినంత కాదు, గొలుసు ఆగినంత. ఒక్కో బేలు పడ్డప్పుడల్లా బండి వెనక భాగం దిగుతోంది, దిగినకొద్దీ ముక్కు పైకి లేస్తోంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎత్తుగా ఉండేది ఈ దిగడం కోసమే. ఆ రెండున్నర వేళ్ళు లోపం కాదు, బరువు కోసం వదిలిన జాగా. నేను పని చేసిన చోట బండి అంటే ఇద్దరు మనుషులు, ఒక నీళ్ళ డబ్బా, కొండంత ఇసుక. లోడు అనేది నా చేతులకు తెలియదు. నేను మా ఊరి బండిని ఆ దేశపు బండిలా నిలబెట్టాను.

ఇదంతా తర్వాత అర్థమైందని రాస్తే నాకు బాగుంటుంది, కానీ అబద్ధం అవుతుంది. అక్కడే, ఆ వాడలోనే నాకు తెలిసింది. సీట్లో కూర్చుంటే అద్దంలోంచి బాట కంటే ఆకాశం ఎక్కువ కనబడింది. వేములవాడ దాటాక బావమరిది స్టీరింగ్ అటూ ఇటూ కదిపి, "బావా, ఇస్టీరింగు శాన అల్కగైంది. చక్రాలు భూమికి ఆనుతలేవా ఏంది?" అన్నాడు. రెండు బోల్టులు నాలుగు చుట్లు వదులు చేస్తే సరిపోయేది, పానా సీటు కిందే ఉంది. అయినా తొమ్మిదేళ్ళ దుబాయి మేస్త్రి రోడ్డు పక్కన బండి ఆపించి, తప్పు చేశానని చెప్పి, బురదలో పడుకుంటాడా? "కొత్త షాకబ్జర్లు గదా, మొదట్ల గట్లనే ఉంటది, నడువు" అన్నాను. బావ మాట గనుక నడిపాడు.

చందుర్తి దాటాక ఒక కల్వర్టు, దాని మీద చిన్న ఎత్తు, వెంటనే మలుపు. మిట్టమధ్యాహ్నం, బాట మీద ఎవరూ లేరు. ఎత్తు ఎక్కగానే ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. బావమరిది స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు, నా కళ్ళతో చూశాను, తిప్పాడు. బండి మాత్రం తిన్నగా పోయి, గట్టు దిగి, నాటు వేస్తున్న పొలంలో కుడివైపుకు ఒరిగి ఆగింది. అతని వైపు తలుపు లోపలికి వంగి, తలుపుకూ సీటుకూ నడుమ కాలు ఇరుక్కుంది. నా వైపు నుంచి బయటికి లాగుదామంటే కాలు రాలేదు. గంటసేపు అలాగే ఉన్నాం. నాటు వేసే ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి చేతులతోనే బురద తోడారు, ఎవరో ట్రాక్టరు కోసం పోయారు, నేను అతని తలను నా భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. జీవితమంతా బండ్ల కింద ఇరుక్కున్నది నేను, నిజంగా ఇరుక్కున్నది మాత్రం అతను.

అప్పుడొక ముసలామె నుదురు కొట్టుకుంటూ అడిగింది: "అయ్యో కొడుకా, చక్కటి బాట ఇడిశి పొలంలకెట్ల అచ్చినవ్? కండ్లు మూతవడ్డయా ఏంది?"

అతను నొప్పితో పళ్ళు బిగపట్టి ఉన్నాడు, పలకలేకపోయాడు. పలికింది నేను. "ఔనమ్మా, కునుకు వట్టినట్టున్నది" అన్నాను.

అతను తల తిప్పి నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఇన్నేళ్ళు నన్ను అంతగా బాధపెట్టేది కాదు.

మోకాలి కింద ఎముక విరిగింది, జగిత్యాలలో కట్టు కట్టారు. బండి కోరుట్ల మేస్త్రి షెడ్డుకు చేరింది, కొద్ది వారాల్లో బాగవుతుందన్నారు. నా సెలవు ఇంకా పందొమ్మిది రోజులుంది. అందరూ అన్నది ఒకటే, అతను కాలు బాగయ్యేదాకా పడుకుంటాడు, నువ్వు నడుపు, మళ్ళీ పోవడమెందుకని. నేను ఏ మాట కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూశానో ఆ మాటే ఇప్పుడు ఊరంతా అంటోంది. నేను మాత్రం గోడకు అతుక్కుపోయినట్టు అయిపోయాను. బండి నడపాలంటే ముందు ఆ బోల్టులు దింపాలి. దింపితే తప్పు ఎవరిదో తెలిసిపోతుంది. దింపకుండా నడిపితే అదే కల్వర్టు దగ్గర నేనూ పడతాను. ఆలోచించి ఆలోచించి నా బుర్రకు తోచిన దారి ఒక్కటే, ఆ ఇనుప బీరువా వైపుకు పోయే దారి.

మా ఇంటామె నన్ను ఎన్నడూ ఉండమని అడగలేదు. అడిగితే పోయేటప్పుడు కాళ్ళు కదలవని ఆమెకు తెలుసు. ఆ సారి మాత్రం బీడీల చాట పక్కకు పెట్టి, పొగాకు అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూడకుండా అంది: "గీసారి ఉండరాదు." అంతే. టికెట్టు ఉంది కదా, అర్బాబుకు మాటిచ్చాను కదా అన్నాను. మళ్ళీ చాట ఒళ్ళోకి లాక్కుంది.

ఆ తర్వాత పదకొండేళ్ళు. గ్యారేజీలో వందల బండ్లకు అవే బోల్టులు తిప్పాను, తిప్పిన ప్రతిసారీ ఆ ముసలామె ప్రశ్న వినబడేది. ఇక్కడ మా బావమరిదికి "కునుకు డ్రైవరు" అనే పేరు స్థిరపడిపోయింది. సిరిసిల్లలో ఎవరూ అతనికి సరుకు అప్పగించలేదు, బండి అమ్మేశాడు, చుట్టాల సాంచాల షెడ్డులో కూర్చుని నూలు కండెలు చుట్టాడు. ఆడవాళ్ళ పని చేస్తున్నాడని వాడలో నవ్వేవాళ్ళట. ఆ పేరు పెట్టింది ఊరు కాదు, నేను. శుక్రవారం ఫోను చేస్తే మాత్రం ఎప్పటిలాగే "మంచిగున్నవా బావా" అనేవాడు. చెప్పేద్దామని ప్రతి శుక్రవారం అనుకునేవాణ్ణి, కార్డులో నిమిషాలు అయిపోయేవి. మోకాళ్ళు పట్టేసి, బండి కింద దూరితే లేవలేని స్థితి వచ్చాక అర్బాబు స్వయంగా నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చేసరికి మా బిడ్డ బడిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది, నాకు గౌరవంగా కుర్చీ వేసింది.

ఇక జగిత్యాల షెడ్డుకు వద్దాం. ఖాళీ బండికా, లోడు బండికా అని మేస్త్రి అడిగినప్పుడు, బావమరిది నా వైపు చూడకుండా, టీ కప్పు అంచు తుడుస్తూ, నిమ్మళంగా చెప్పాడు: "లోడుకే జెయ్యన్నా. ఖాళీకి జేస్తె ఏమైతదో మేం జూసినం."

మేం జూసినం అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మేస్త్రి వెనక ఇసుక బస్తాలు వేయించి, బరువు మీద నిలబెట్టి, కంప్యూటర్ తెర మీద నాలుగు చక్రాల గీతలు చూసుకుంటూ పని ముగించాడు. బస్తాలు దించాక బండి ముక్కు రెండు వేళ్ళు కిందికే ఉంది. ఉండాల్సింది అలాగే.

తిరిగి వచ్చేటప్పుడు అతనే నడిపాడు. కుడి కాలు కాస్త ఆలస్యంగా కదులుతుంది, అందుకే దూరం నుంచే బ్రేకు మీద పాదం ఆనిస్తాడు. కోరుట్ల దగ్గరపడుతుండగా అడిగాను. "నీకెప్పుడు దెల్సింది?"

"నువ్వు ఇమానం ఎక్కకముందే. కోరుట్ల మేస్త్రి నన్ను కట్టుగట్టిన కాలుతోనే ఆటోల షెడ్డుకు పిలిపిచ్చి బోల్టులు జూపిచ్చిండు."

"మరి అప్పుడే ఎందుకడుగలే?"

ఎదురొస్తున్న ట్రాక్టరుకు దారిచ్చి, గేరు మార్చాడు. తర్వాత అన్నాడు: "నువ్వే జెప్తవని సూశిన బావా. జెప్పంగనే, అయిందేదో అయింది తియ్, నువ్వు ఉండు, బండి నడుపుకో అందామని కూసున్న. నువ్వు ఇమానం ఎక్కేదాక సూశిన."

అంటే ఆ రోజుల్లో తలుపు తీసే ఉందన్నమాట. అర్బాబు బీరువాకు తాళం ఉందని జీవితమంతా ఏడ్చిన నేను, తాళం లేని ఈ తలుపును ఒక్కసారీ తోసి చూడలేదు. పదకొండేళ్ళు నన్ను పట్టి ఉంచింది ఏ దేశమూ కాదు, ఏ కాగితమూ కాదు, ఒక చిన్న మాట చెప్పలేని నా నోరు.

ఇప్పుడు అన్నీ మారిపోయాయి. సకినాల డబ్బాలో దారాలు పంపుకునే పని లేదు, ఎడారిలో ఉన్న మనిషి చేతిలోని ఫోనులోనే ఇక్కడి బండినీ భార్యనూ బిడ్డనూ చూసుకుంటున్నాడు. దుబాయి నుంచి వచ్చాడని ఎవరి మాటకూ ఎవరూ తల వంచడం లేదు, షెడ్డు మేస్త్రి ముందే ఖాళీకా లోడుకా అని అడుగుతున్నాడు. ఆనాడు ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే, లేదా నన్ను నేనే ప్రశ్నించుకుని ఉంటే, అని ఇప్పుడు కూర్చుని అనుకుంటే ఏం లాభం? మా బిడ్డ మళ్ళీ తలకిందులుగా వంగి చూసేంత చిన్నది కాదు. బావమరిది కాలు మళ్ళీ పరుగెత్తదు.

మా ఇంటామెకు చదవడం రాదు. ఈ కాగితాలు మా బిడ్డ చేతికిచ్చి, వాళ్ళమ్మ పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించమంటాను. ఆ రోజు ఉండమన్నప్పుడు టికెట్టు అని, అర్బాబు అని నేను చెప్పినవేవీ కారణాలు కావని ఆమెకు ఇలాగైనా తెలియాలి. బిడ్డ చదువుతున్నంతసేపూ నేను ఆ గదిలోనే కూర్చుంటాను. ఈసారి లేచి ఎక్కడికీ పోను.